బరువు దించవలెను

ఎడమ ముందు చక్రం గాడుల్లోంచి తనిఖీదారు అండాలు కొక్కెంతో మూడు రాళ్ళు, ఒక మేకు పెకలించింది. పలక మీద నమోదు చేసింది. పలకలో మూడే గడులు: రాయి, మేకు, గాజు. పోయిన నెల ఇలాంటి బండి చక్రంలోనే ఒక పన్ను దొరికింది. దవడ పన్ను, పుచ్చిన చోట సిమెంటు నింపి ఉంది. దానికి గడి లేదు. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, రాయి అని నమోదు చేసి, రాళ్ళ డబ్బాలో వేసింది. ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు సయించింది. తన మీద తనకు రోత పుట్టింది ఆ మర్నాడే.

"ఎడమ ముందు చక్రం," అంది సంధాత. గుంటలన్నింటినీ నడిపే ఆ యంత్రం గొంతు గుంట నాలుగు మూలల నుంచీ వస్తుంది. కొలత హద్దు దాటకపోతే సహనంలో ఉంది అంటుంది. "గాలి సహనంలో ఉంది. గాడి లోతు సహనంలో ఉంది. బండి ఎత్తు సహనంలో ఉంది. చేయి పెట్టవలసినదిగా కోరుతున్నాను."

"ఆగు."

సంధాత ఆగింది. ఎన్నిసార్లు ఆగమన్నా ఆగుతుంది. తొంభై సెకన్లకోసారి మళ్ళీ అడుగుతుంది.

ఇలాంటి పడకబండి అడుగున సన్న గొట్టం ఒకటి ఉంటుంది. అందులోంచి పసుపుపచ్చ నీళ్ళు చుక్కలుగా పడతాయి. దాన్ని ఇక్కడ కారుడు అంటారు. లోపల పడుకున్నవాళ్ళ చెమట, మూత్రం, ముక్కు గొట్టంలో పోసే గంజిలో కడుపు నిలుపుకోనిది, అన్నీ కలిసి అందులోకే వస్తాయి. అండాలు తలకు రబ్బరు టోపీ పెట్టుకుంటుంది. మూతికి గుడ్డ కట్టుకుంటుంది. అయినా రోజుకు ఒక చుక్కయినా పెదవికి అంటుతుంది. ఉప్పగా ఉంటుంది, తరువాత తియ్యగా ఉంటుంది. ఆ తీపి గంజిది. ఆరేళ్ళుగా ఆమె టీలో చక్కెర వేసుకోవడం లేదు.

కోదాడలో చక్రాలు సరిచేసే ఈ సరిగుంటకు రోజుకు అరవై బండ్లు వస్తాయి. ధమని అనే పెద్ద రోడ్డు మీద బండ్లు విడివిడిగా పోవు, గొలుసులుగా పోతాయి. గొలుసుకు నలభై బండ్లు. బండికీ బండికీ మధ్య జానెడు ఎడం, గంటకు నూట అరవై కిలోమీటర్లు. అంత వేగంలో ఒక చక్రం అర డిగ్రీ పక్కకు చూసినా వెనక ఉన్నవన్నీ దాని మీదికి వస్తాయి. అందుకే గొలుసులో చేరే ముందు ప్రతి బండీ గుంట మీదికి రావాలి. కాంతిచట్రం చక్రాల కోణాలు చూసి సరిచేస్తుంది. అరిగిన కీలును మాత్రం అది సరిచేయలేదు. వదులు కీలు మీద సరిచేసిన కోణం బండి గుంట మీద ఉన్నంతసేపే నిలుస్తుంది. కాబట్టి సరిచేయడానికి ముందు, అసలు సరిచేయడానికి పనికొచ్చే బండేనా అని చూడాలి. అది మనిషి పని. మనిషి చేయి తగలనిదే చక్రం ధమని ఎక్కరాదని చట్టం.

గుంట గోడకు రెండు చేతిపలకలున్నాయి. ఒకదాని మీద చేయి పెడితే బండి పోతుంది. రెండింటి మీదా ఇద్దరి చేతులు ఒకేసారి పడితే బండి ఆగుతుంది. బండ్లకు డ్రైవర్లు ఉన్న రోజుల్లో రాసిన చట్టం అది. అప్పట్లో రెండో చేయి డ్రైవరు పెట్టేవాడు. ఇప్పుడు డ్రైవర్లు లేరు. రెండో చేయి ఎవరిదైనా సరే, మనిషిదైతే చాలు. పోనివ్వడానికి ఒక చేయి, ఆపడానికి రెండు. మూడుసార్లు ఆపిన తనిఖీదారుకు చేయి హోదా రద్దవుతుంది. అండాలు చేతికి ఒక్క ఆపూ లేదు.

ఆమె చేతి తొడుగు విప్పి టైరు మీద అరచేయి ఆనించింది. బయటి నుంచి లోపలికి నిమిరింది. నున్నగా పోయింది. లోపలి నుంచి బయటికి నిమిరింది. రబ్బరు అంచులు అరచేతిలో గుచ్చుకున్నాయి. మళ్ళీ నిమిరింది. మళ్ళీ గుచ్చుకున్నాయి, రంపం పళ్ళలా.

పక్క గుంట గట్టు మీద ఖుద్దూస్ కాళ్ళు వేలాడేసి కూర్చుని డబ్బా విప్పాడు. అతనూ తనిఖీదారే. ఆమె కంటే రెండేళ్ళు ముందు చేరాడు. అతని కాళ్ళ కింద కారుడు పడుతూనే ఉంది. అన్నంలో పప్పు కలుపుకున్నాడు.

"ఏమక్కా, ఇంక తెమల్తలేదా?"

"రంపం తగుల్తుంది."

"రంపం లేని టైరు ఏడున్నది ఈ రోడ్డు మీద? చెయ్యి పెట్టు, పంపు. బువ్వ తిను."

"నువ్వు తింటుంటె చూస్తెనే నాకు వాంతికొస్తుంది ఖుద్దూసూ. జర అటు తిరిగి తిను."

"అటు తిరిగితె అటు బండిది పడ్తది చుక్క. ఏడ తిరగాలె?"

అండాలు చేయి టైరు మీది నుంచి తీయలేదు. "రెండువందల పన్నెండో రాయి కాడ పోయిన బండికి గూడ గిట్లనే ఉండె."

ఖుద్దూస్ నమలడం ఆపాడు. "అది నువ్వే చూసినవా?"

"నేనే."

రెండు నెలల కింద జరిగింది. పడకబండి ఎడమ ముందు చక్రం వంపులో పక్కకు వాలింది. వెనక పదకొండు బండ్లు ఎక్కాయి. ప్రకటనలో ఒక వాక్యం రాశారు: బరువు నష్టం, రెండు టన్నుల నూట నలభై కిలోలు. విచారణలో అన్నీ సహనంలోనే ఉన్నాయని తేలింది. ఆ పొద్దు ఆమె అరచేతికి రంపం తగిలింది. గొలుసుకు ఎనిమిది నిమిషాలే ఉంది. చేయి పెట్టింది.

"తొంభై సెకన్లు," అంది సంధాత. "చేయి పెట్టవలసినదిగా కోరుతున్నాను."

"ఆగమన్ననా లేదా?"

మెట్ల మీది నుంచి వీరబాబు దిగి వచ్చాడు. బరువు కంపెనీ మనిషి. తమ బండ్లు వచ్చే వేళకు వచ్చి, అవి పోయేదాకా ఉండడం అతని ఉద్యోగం. గోదావరి వాడు. చేతిలో కారప్పూస పొట్లం ఉంది. గుంటలోకి దిగేటప్పుడు కూడా అది కింద పెట్టడు.

"ఏవండీ అండాలుగారూ, మూడు నలభై గొలుసండి. ఇది తప్పిందంటే మళ్ళీ రేపొద్దున్నేనండి. పైన రెండువేల రెండొందల అరవై కిలోలుందండి."

"కీలు వదులై ఆట ఉన్నట్టున్నది. చూడాలె."

"చూడండి మరి, కాదన్నదెవరండి."

"ఎట్ల చూడాలె? మీద బరువుంటే కీలు గుంజుకొని కూసుంటది. ఆట దాసుకుంటది. బండి లేపి, చక్రం గాల్ల ఉంటె, అప్పుడు పట్టి ఊపాలె."

"లేపండి."

"జాకీ ఖాళీ బండినే లేపుతది. నిండు బండిని లేపదు."

వీరబాబు నాలుగు కారప్పూస పలుకులు నోట్లో వేసుకున్నాడు. "అయితే ఏం చేద్దావంటారు?"

"దించుర్రి."

"ఏంటండీ?"

"బరువు దించుర్రి."

అతను నవ్వాడు. పక్క గుంట వైపు చూసి, నువ్వూ నవ్వవయ్యా అన్నట్టు ఖుద్దూస్‌కు తల ఊపాడు. "బలేవారే. దించేత్తానికి అయ్యేవన్నా ధాన్యం బస్తాలాండీ?"

"ఏమో, నాకేం ఎరుక? నీ కాయితంల ఏం రాసిర్రు? మనుషులని రాసిర్రా, బరువని రాసిర్రా?"

మనుషులున్న బండి గొలుసులో చేరరాదు. అది ధమని మొదటి నియమం. మనుషుల బండ్లకు పక్క బాట ఉంది. దాని మీద పనివాళ్ళను తీరానికి చేర్చాలంటే మూడు రోజులు పడుతుంది. అందుకని మత్తు పెట్టి, పడకల మీద కట్టి, మణికట్టుకు కిలోలు రాసిన చీటీ వేసి, బరువు కింద పంపుతారు. కదలనిది, మాట్లాడనిది, కిలోల్లో చెప్పగలిగినది బరువు. నియమంలో నిర్వచనం అంతే.

"బరువనే ఉందనుకోండి," అన్నాడు వీరబాబు.

"మరి దించు."

"అది కాదండీ..."

"సంధాతా," అంది అండాలు, "గుంట నియమాలల్ల పదకొండోది చదువు."

"నియమం పదకొండు," అంది సంధాత. "సరిచేయుటకు ముందు బండిలోని బరువు దించవలెను. ఈ నియమం అమలులో ఉంది. ఈ గుంటలో ఇంతవరకు ఉపయోగించబడలేదు. దింపుడు ఆరంభించాలా?"

సున్నం బస్తాలు, ఇనుప ఊచలు మోసే లారీల కాలంలో రాసిన నియమం అది. దాన్ని ఎవరూ కొట్టేయలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. గుంట గోడ మీద, చేతులు కడుక్కునే కుళాయి పైన, రేకు బోర్డు మీద ఉంది. సబ్బు పోయేదాకా చేతులు రుద్దుకుంటూ అండాలు ఆరేళ్ళుగా దాన్ని చదువుతోంది. వాసన పోవడానికి చాలాసేపు రుద్దాలి.

"ఆరంభించు," అంది.

వీరబాబు పొట్లం కింద పెట్టాడు. "అండాలుగారూ, మాట వినండి. దింపాలంటే మత్తు తీసెయ్యాలండి. తీస్తే మళ్ళీ పన్నెండు గంటలదాకా పెట్టకూడదండి. ఆళ్ళు లేచి కూర్చుంటారండి. ఏం చెప్పమంటారండి ఆళ్ళకి?"

"నన్నడుగుతవేంది? బరువుతోని మాట్లాడుడు నాకు రాదు."

పక్క గుంటలో ఖుద్దూస్ డబ్బా మూత పెట్టేశాడు. సగం అన్నం అందులోనే ఉంది.

బండి పక్క తలుపులు తెరుచుకున్నాయి. ముందు వాసన వచ్చింది. కారుడు వాసనకు అలవాటుపడిన ముక్కు కూడా దానికి సిద్ధంగా లేదు. లోపల రెండు వైపులా మూడేసి అంతస్తులుగా పడకలు. పడకకూ పడకకూ మధ్య మూరెడు ఎత్తు. నలభై నాలుగు మంది. పై పడక గొట్టం ఊడి, అందులోని కారుడు కింద పడక మీద పడింది. అక్కడ పడుకున్నతని మెడ కింద అది గడ్డకట్టి, జుట్టును రబ్బరు పరుపుకు అంటించింది. ఒకతని వీపు పట్టీల కింద ఒరుసుకుపోయి ఉంది. ఈగలు అక్కడున్నాయి. లోపలికి ఈగలు ఎట్లా వచ్చాయో తెలియదు.

అండాలు వెనక్కి తిరిగి రాళ్ళ డబ్బాలో కక్కింది. మూతి తుడుచుకుని మళ్ళీ నిలబడింది.

దింపుడు చేతులు పైకప్పు నుంచి వచ్చి ఒక్కొక్కరిని తీసి గట్టు మీద పెట్టాయి. గొట్టాలు ఊడదీశాయి. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా బండి స్ప్రింగుల మీద కొద్దిగా లేచింది. సంధాత చెబుతూ పోయింది: "తగ్గుదల అరవై రెండు. తగ్గుదల నలభై ఏడు. తగ్గుదల యాభై ఒకటి."

ఆ యాభై ఒకటి ఒక స్త్రీ. ముప్పై ఏళ్ళుంటాయి. గోడకు ఆనుకుని కళ్ళు తెరిచింది. మణికట్టు మీది చీటీ చూసుకుంది. ముక్కు కింద గొట్టం పెట్టిన చోట చేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి వాసన చూసుకుని, మొహం పక్కకు తిప్పుకుంది.

"ఊరొచ్చీసినాదేటమ్మా?"

"రాలే," అంది అండాలు. "ఇది కోదాడ."

"కోదాడంటే ఎక్కడ?"

"సగం తొవ్వ. పేరేంది నీది?"

"పైడమ్మ. మా సెల్లి కూడా ఉంది. సిమ్మాచలం. పై పలకలోన ఎట్టినారు." మోచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇంత కంపేటమ్మా? ఎవులిది?"

అండాలు తన నీళ్ళ సీసా ఇచ్చింది. పైడమ్మ పుక్కిలించి ఉమ్మి, తరువాత తాగింది. దింపుడు చేతులు సింహాచలాన్ని తెచ్చి పక్కన పెట్టాయి. ఆ పిల్లకు ఇంకా మెలకువ రాలేదు. పైడమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

మూడు గంటల ఇరవై నిమిషాలకు బండి ఖాళీ అయింది. జాకీ లేపింది. చక్రం నేల వదిలింది. అండాలు టైరు పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి పట్టుకుని, పైది లాగి కిందది నెట్టింది.

టక్కుమంది.

ఇంకోసారి ఊపింది. మళ్ళీ టక్కుమంది. పక్క గుంటలో ఖుద్దూస్‌కు వినబడింది. మెట్ల మీద వీరబాబుకు వినబడింది.

"కింది కీలు ఆట ఏడు మిల్లీమీటర్లు," అంది సంధాత. "సహనానికి మించి ఉంది. బండిని ఆపడానికి రెండు చేతులు కావాలి. లేని పక్షంలో ఒక చేయితో పంపవచ్చు. మూడు నలభై గొలుసుకు పందొమ్మిది నిమిషాలు ఉన్నాయి."

"సహనం దాటిందని నువ్వే అంటివి. ఒక్క చెయ్యితోని ఎట్ల పంపుతవు?"

"నియమం అలా ఉంది."

వీరబాబు దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "చూసేరు కదండి, తృప్తి అయ్యింది కదండి. మళ్ళీ ఎక్కించేసి పట్టీలేసి కట్టేద్దావండి. మెలకువగా ఉంటే మాత్రం ఏవుందండి, మూడు గంటల్లో దిగిపోతారు. అరవకుండా నోటికి గుడ్డలెట్టొచ్చండి. ఏడు మిల్లీమీటర్లంటే ఎంతండి? గోరంత."

అండాలు అతని మూతి వంక చూసింది. పెదవి చివర కారప్పూస ముక్క అంటుకుని ఉంది. నువ్వు పెట్టు ఆ రెండో చెయ్యి అని అతణ్ణి అడగబోయి మానుకుంది.

"ఖుద్దూసూ," అని పిలిచింది.

ఖుద్దూస్ అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. కుడి చేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు.

"నాకు రెండు ఆపులున్నయక్కా."

"ఎరికే."

"మూడోదైతె చెయ్యి పోతది. ఈ చెయ్యి పోతె ఇంకేం పనొస్తది నాకు? ఇగో, గింత దూరం వచ్చిన. ఇంక కాలు పడ్తలేదు. తిట్టు నన్ను."

"తిట్ట," అంది అండాలు. "ఆ పన్నును రాయి అని రాసినదాన్ని నేను. ఎవర్ని తిట్టాలె?"

పైడమ్మ చెల్లెలి తలను జాగ్రత్తగా నేల మీద పెట్టి, గోడ పట్టుకుని లేచింది. మెల్లగా గుంట మెట్లు దిగింది. చక్రం పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టింది, అండాలు పెట్టినట్టే. ఊపింది. టక్కుమంది.

"ఊగీసిపోతంది గదమ్మా."

"ఆ."

"ఇందులోనేనా మేవొచ్చినాం?"

"ఇండ్లనే. ఆపాలంటె ఇంకో చెయ్యి కావాలె. నాకు ఒక్కటే చెయ్యి లెక్క."

పైడమ్మ చేతిపలకల వైపు చూసింది, వీరబాబు వైపు చూసింది. "పనిలోకి మరి రానీరేటి?"

"రానియ్యకపోవచ్చు."

ఆమె గట్టు మీది వాళ్ళను చూసింది. కొందరు కూర్చున్నారు. కొందరు దగ్గుతున్నారు. ఒకతను పరుపుకు అంటి తెగిన తన జుట్టు కోసం తల వెనక తడుముకుంటున్నాడు. సింహాచలం కాలు కదిలింది.

"సెయ్యే గదా," అంది పైడమ్మ. "ఎట్టీమంటే ఎట్టీస్తాను."

"అమ్మా, తల్లీ, నువ్వు ముట్టుకోకు," అని వీరబాబు ఆమె వైపు ఉరికాడు. కారుడులో కాలు జారి మోకాలి మీద పడ్డాడు. లేవడానికి అరచేతులు నేలకు ఆనించి, వాటికి అంటినది చూసి, లేవకుండా అలాగే ఉండిపోయాడు.

అండాలు మొదటి పలక మీద చేయి పెట్టింది. పైడమ్మ రెండో పలక మీద పెట్టింది. చీటీ పలక అంచుకు వేలాడింది: 51 కి.

సంధాత ఏ ప్రశ్నకైనా పావు సెకనులో జవాబిస్తుంది. ఇప్పుడు నాలుగు సెకన్లు పట్టింది.

"రెండో పలక మీది చేయి నమోదులో లేదు. ఎవరిది?"

"బరువుది," అంది అండాలు.

"బరువుకు చేయి ఉండదు."

"పలకను అడుగు."

"ఇది మనిషి చేయి అని పలక చెబుతోంది."

"పలక ఎన్నడన్న తప్పు చెప్పిందా?"

"చెప్పలేదు."

గొట్టంలోంచి ఆఖరి చుక్కలు పడ్డాయి. పైడమ్మ చేయి తీయలేదు.

"బండి ఆపబడింది," అంది సంధాత. తరువాత: "మనుషులున్న బండి గొలుసులో చేరరాదు. ఈ బండి కోదాడ దాకా గొలుసులోనే వచ్చింది. ప్రస్తుతం ధమని మీద ఇదే నిర్మాణం గల బండ్లు నాలుగు వందల ఆరు ఉన్నాయి. అన్నింటిలోనూ బరువు అని నమోదై ఉంది."

ఖుద్దూస్ ఆగిన చోటి నుంచి కదిలాడు. నేల మీది సీసా తీసి, గోడకు ఆనుకుని దగ్గుతున్న అతని నోటికి పట్టాడు.

"ఆ బరువుకు చేతులు ఉన్నాయా?" అని అడిగింది సంధాత.

అండాలు పలక మీది నుంచి చేయి తీసి కుళాయి దగ్గరికి నడిచింది. రేకు బోర్డు కింద నిలబడి నీళ్ళు తిప్పింది.

"దించి చూడు," అంది.